కండక్టరమ్మ ఇంట్లో టికెట్టు లేని ప్యాసింజరు

వసంతమ్మను ఆ వీధిలో ఎవరూ వసంతమ్మ అని పిలవరు. తిరుపతిలో యూనివర్సిటీ వెనక వీధికి పోయి కండక్టరమ్మ ఇల్లు ఎక్కడ అంటే, పాలవాడి దగ్గర నుంచి పసిపిల్లల దాకా వేలు పెట్టి చూపిస్తారు. రిటైరైనా ఆ పేరు ఆమెను వదల్లేదు. ఆమె కూడా దాన్ని వదల్లేదు, అది వేరే మాట.

భర్త ఆర్టీసీలో డ్రైవరుగా ఉంటూ పోతే ఆయన బదులు ఆమెకు కండక్టరు ఉద్యోగం ఇచ్చారు. ఆడమనిషి టికెట్లు కొట్టడం పుత్తూరు రూట్లో అప్పటిదాకా ఎవరూ చూసి ఎరగరు. వడమాలపేటలో ఎక్కిన ఒక పెద్దమనిషి "ఆడోళ్ళ కాడ టికెట్టేందబ్బా" అని నవ్వాడు. ఆ నవ్వు పూర్తి కాకముందే విజిల్ ఊది ఆయన్ను రోడ్డు మీద దింపింది. ఇంకోసారి సొంత తోడికోడలే చుట్టరికం చెప్పి ఊరికే కూర్చోబోతే ఆమెనూ దింపేసి, ఆ సాయంత్రం వాళ్ళ ఇంటికే పోయి సుబ్బరంగా భోంచేసి వచ్చింది. "బస్సులో చుట్టమేంది, ఇంట్లో టికెట్టేంది" అన్నది ఆమె లెక్క. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం. నచ్చనివాళ్ళు తిట్టుకున్నారు గానీ, ఆమె సర్వీసంతా వెతికినా చెకింగువాళ్ళకు టికెట్టు లేని ప్యాసింజరు ఒక్కడు దొరకలేదు.

అలాంటి మనిషి ఇంటికి పోయినేడు జూలైలో టాంజానియా నుంచి నీమా అనే అమ్మాయి వచ్చింది. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు. హాస్టల్లో గది దొరక్క, ఎవరో చెబితే రెండు పెద్ద పెట్టెలతో వచ్చి గేటు ముందు నిలబడింది. వసంతమ్మ మనిషిని చూడకముందే చెయ్యి చాపింది.

"విసా యాడుండాది? సూపించు."

నీమా ఫోను తీసి చూపించింది. పాస్‌పోర్టులో అంటించిన కాగితం లేదు, ఏమీ లేదు. ఇప్పుడు విసా ఈమెయిల్లోనే వస్తుందనీ, మద్రాసు ఎయిర్‌పోర్టులో దాన్ని చూసి పాస్‌పోర్టు మీద ముద్ర వేశారనీ, అంతటితో అయిపోలేదనీ వచ్చీరాని తెలుగూ ఇంగ్లీషూ కలిపి చెప్పింది. వచ్చిన రెండు వారాల్లోపల ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకోవాలి, అప్పుడు ఇక్కడ ఉండి చదువుకోవడానికి రెసిడెన్స్ పర్మిట్ ఇస్తారు.

ఆ మాటలన్నిటినీ వసంతమ్మ తన భాషలోకి మార్చుకుంది. "అంటే విసా బస్సెక్కేదానికి టికెట్టు. పర్మిటేమో స్టూడెంటు పాసు. అంతే గదా?"

నీమా కళ్ళు పెద్దవి చేసి, అంతే అంది. ఎయిర్‌పోర్టులో దిగినప్పటి నుంచి ఇంత సులువుగా ఆమెకు ఎవరూ చెప్పలేదట. వసంతమ్మ ఆ మాటకు పొంగిపోయి, ఆ రోజు కాఫీలో చక్కెర రెండింతలు వేసింది.

"ఇంకోటి అవ్వా. నేను మీ ఇంట్లో దిగినట్టు ఇంటివాళ్ళు కూడా ఒక రోజులోపల ఆన్‌లైన్లో చెప్పాలంట."

"అవ్వ ఎవురే? కండక్టరమ్మా అను," అంది వసంతమ్మ. "దిగితే గదా చెప్పేది? నువ్వింకా దిగలా. ఇది ఆడి నెల."

ఆడి అంటే తమిళుల లెక్కలో ఆషాఢం లాంటిది, అందులో కొత్త ఇల్లు చేరకూడదని ఆ పక్క అందరూ అనుకునేదే. అందరికీ అది ఆచారం, వసంతమ్మకు మాత్రం గుండెల్లో ముల్లు. పెళ్ళయిన కొత్తలో గత్యంతరం లేక భర్తతో కలిసి ఆడి నెలలోనే ఒక అద్దె ఇంట్లో పాలు పొంగించింది. మళ్ళీ ఆడి రాకముందే, బస్సు నడిపి వచ్చి అన్నం ముందు కూర్చున్న మనిషి అట్లాగే ఒరిగిపోయాడు. నెల చంపిందా గుండె చంపిందా అన్నది ఆమెకు ఈనాటికీ తేలలేదు. కానీ సముద్రం దాటి వచ్చిన ఎవరి బిడ్డనో ఆడిలో గడప దాటించి అద్దెకు పెట్టాలంటే ఆమెకు చేతులు ఆడలేదు.

అందుకని ఆమె ఒక ఉపాయం చేసింది. మేడ మీద గది కడిగించి తాళం వేసింది. నీమాను కింద హాల్లో తన పక్కన పడుకోబెట్టుకుంది. పెట్టెలు విప్పనివ్వలేదు, పైపైన కావలసిన నాలుగు గుడ్డలు మాత్రం తీసుకోమంది. "ఇప్పుడు నువ్వు చుట్టానివి. ఆడి పోయి ఆవణి వస్తానే, ఒకటో తేదీ పాలు పొంగించి పైకి పంపిస్తా. చుట్టాల గురించి గవర్మెంటుకి చెప్పే పని ల్యా." నీమాకు సగం అర్థమైంది. మిగతా సగం అడక్కుండా సంగటి, పప్పు తిని ఊరుకుంది.

యూనివర్సిటీవాళ్ళు నమోదుకు అద్దె ఒప్పందం కావాలన్నారు. నెట్ సెంటర్ నడిపే మునికుమార్ దగ్గర వసంతమ్మ స్టాంపు పేపరు మీద టైపు చేయించింది. ఆడిలో రాసే రాత మంచిది కాదని, అద్దె మొదలయ్యే తేదీ, సంతకం తేదీ రెండూ ఆవణి ఒకటే వేయించింది. అది రావడానికి ఇంకా చాలా రోజులున్నాయి. నీమా దాన్నే ఆన్‌లైన్లో పెట్టింది.

నాలుగు రోజులకు విదేశీయుల ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఒప్పందం ఇంకా మొదలే కాలేదు, వచ్చిన నాటి నుంచి ఈమె ఎక్కడ ఉంటోంది, ఆ ఇంటివాళ్ళు ఎందుకు తెలియజేయలేదు అని అడిగారు. సరైన ఆధారం గడువులోపల పెట్టకపోతే నమోదు కాదు. నమోదు లేకపోతే పర్మిట్ లేదు, పర్మిట్ లేకుండా ఇక్కడ ఉండి చదవడం కుదరదు. గడువు ఇంకా మూడు రోజులే ఉంది.

నీమా హాల్లో పెట్టె మీద కూర్చుని ఫోను చూస్తూ, "పెట్టె విప్పకపోవడమే మంచిదైంది," అంది. ఎగతాళి కాదు, కోపం కూడా కాదు. అందుకే వసంతమ్మకు అది సూటిగా తగిలింది.

ఇద్దరూ మునికుమార్ దగ్గరికి పోయారు. అతను అంతా విని తేలిగ్గా నవ్వాడు. "దీనికింత దిగులేంది పెద్దమ్మా? తిరపతిలో లాడ్జీలకి కరువా? నాకు తెలిసినాయన ఒకాయన ఉండాడు. ఈ రోజులన్నీ ఈ పాప ఆయన లాడ్జీలో ఉన్నట్టు బిల్లు రాయిస్తా. నీ మింద మాట రాదు. ఆడిలో సంతకం పెట్టే పనీ ఉండదు."

వసంతమ్మ వెంటనే వద్దనలేదు. నిజం చెప్పాలంటే ఆ మాట ఆమెకు తియ్యగా తోచింది. బిల్లు వస్తే ఆవణి ఆవణిగానే ఉంటుంది, పిల్లకు పర్మిట్ వస్తుంది, తన తప్పు ఎవరికీ తెలియదు. రేపు చెబుతానని ఇంటికి వచ్చేసింది.

 రాత్రి భోజనాలయ్యాక నీమా గిన్నెలు తోముతుంటే చూస్తూ కూర్చుంది. బస్సులో కొందరు ఉండేవాళ్ళు, ఎవరో పారేసిన పాత టికెట్టు ఏరుకుని దర్జాగా చూపించేవాళ్ళు. టికెట్టు కొననివాడి మీద కన్నా వాళ్ళ మీదే ఆమెకు ఒళ్ళు మండేది. ఇప్పుడు తన ఇంట్లో తిని తన పక్కన పడుకున్న పిల్ల చేతికి అలాంటి టికెట్టే ఇవ్వబోతోంది. ఇన్నేళ్ళ పేరూ ఒక లాడ్జీ బిల్లుతో పోతుందని తోచి సిగ్గుపడింది.

పొద్దున్నే తలకు పోసుకుని దీపం వెలిగించి భర్త ఫోటో ముందు నిలబడింది. "ఆ పొద్దు నెల తప్పో, నీ గుండె తప్పో నాకు తెలీదు. ఈ బిడ్డకి మాత్రం నేను దొంగ టికెట్టు కొట్టను. నువ్వే కాపాడుకో," అంది.

లాడ్జీ బిల్లు వద్దని చెప్పి, మునికుమార్ చేత కొత్త స్టాంపు పేపరు టైపు చేయించింది. నీమా వచ్చిన రోజే అద్దె మొదలు, సంతకం కింద మాత్రం పెట్టిన రోజు తేదీనే.  పేరంతా పొడుగ్గా రాసి సంతకం పెట్టింది. ఇంటివాళ్ళు ఇవ్వవలసిన సమాచారం కూడా ఆన్‌లైన్లో అప్పుడే ఎక్కించింది.

గేటు దగ్గర ఎదురింటి పంకజాక్షి బుగ్గలు నొక్కుకుంది. "ఆడిలో సంతకమా అక్కా? నీకు జరిగింది నువ్వే మర్సిపోతే ఎట్ల?"

"మర్సిపోలా పంకజం. ఆడి కృత్తికకి స్పెషల్ బస్సులేసి కావిళ్ళు ఎత్తుకున్నోళ్ళని తిరుత్తణి గుడికి చేర్చింది ఎవురు? ఆడి అని నేను ఒక్కనాడైనా డ్యూటీ మానినానా? ఇదీ డ్యూటీనే."

విదేశీయుల వ్యవహారాలు చూసే ఆఫీసుకు నీమాను వెంటబెట్టుకుని పోయింది. ఆఫీసరు కాగితాలు తిరగేసి, ఒక రోజులో చెప్పవలసింది ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని అడిగాడు. దారి పొడుగునా అనుకున్న సాకులన్నీ వసంతమ్మ పక్కన పెట్టింది.

"తప్పు ఈ పాపది కాదు సార్, నాది. ఆ పొద్దే సెప్పింది, నేనే ఇనలా. ఆడి నెలని భయపడినాను. సుట్టం అనుకుంటే సరిపోతాదనుకున్యా. ఫైన్ ఉంటే నా మింద రాయండి. నేను గూడా శానామందికి రాసినదాన్నే."

ఆఫీసరు ఆమె వంక చూసి, నవ్వు ఆపుకుంటూ మందలించాడు. మళ్ళీ ఇలా జరగదని ఆమె చేత రాయించుకున్నాడు. నీమా తరఫున తప్పేమీ లేదని నోట్ పెట్టి, గడువులోపలే మళ్ళీ దాఖలు చేయమన్నాడు. ఆ సాయంత్రమే చేశారు.

ఆ రాత్రే వసంతమ్మ మేడ మీద గది తాళం తీసింది. ఆడి నెలలోనే పాలు పొంగించింది. పాలు కుండ అంచు దాటేదాకా ఆమె నీమా చెయ్యి వదల్లేదు.

పర్మిట్ వచ్చిన రోజు సాయంత్రం వసంతమ్మ అరుగు మీద చిక్కుళ్ళు ఒలుస్తోంది. నీమా గేటు తీసుకుని లోపలికి రాలేదు. బయటే నిలబడి ఫోను ముందుకు చాపింది. నవ్వు ఆపుకోలేకపోతోంది.

"టికెట్టు చూసి ఎక్కించుకో కండక్టరమ్మా."

వసంతమ్మ చేతులు తుడుచుకుని కళ్ళజోడు పెట్టుకుంది. ఊరికే చూసి పంపే అలవాటు ఆమెకు లేదు. ఫోటోను చూసి నీమా ముఖం చూసింది. పేరు చూసింది. ఎప్పటిదాకా చెల్లుతుందో చూసింది. చిరునామా దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. తన ఇంటి నంబరు, తన వీధి, ఇంటి యజమాని అని తన పేరు. ఇన్నేళ్ళలో లక్షల మందికి టికెట్లు కొట్టింది గానీ, ఏ టికెట్టు మీదా చేరే ఊరి చోట తన ఇల్లు లేదు. కళ్ళు మసకబారి మిగతా అక్షరాలు కనపడలేదు. అయినా చూసినట్టే తల ఊపింది.

గొంతు సవరించుకుని, ఎదురింటి పంకజాక్షికి కూడా వినపడేలా, వడమాలపేట స్టేజీలో అరిచినట్టే అరిచింది.

"రైట్... రైట్!"