మగ్గం గుంటలోకి రాని చెప్పులు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది సంగతి. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో షుగర్ రోగులకు చెప్పులు తయారు చేసే పని నాది. స్పర్శ పోయిన పాదానికి ముల్లు దిగినా తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. అందుకే ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు అట్టతో చెప్పులు చేసిస్తాం.

నగరి నుంచి మునిరత్నం అనే నేతగాడు వచ్చేవాడు. యాభై దాటిన మనిషి. కుడి పాదం కింద పుండు మానేది, నెల తిరక్కుండా మళ్లీ రేగేది. మూడోసారి డాక్టరుగారు, ఇంకోసారి ఇలాగే వస్తే వేళ్లు తీసెయ్యాల్సి వస్తుందన్నారు. చూస్తే నేను చేసిచ్చిన చెప్పులు అరగనే లేదు. నాకు ఒళ్లు మండింది. వేసుకోవడానికి ఏం రోగమని గట్టిగానే అడిగాను.

"బయట ఏసుకుంటానప్పా. మగ్గం గుంటలోకి చెప్పులతో ఎట్ల దిగేది? మాకు అన్నం పెట్టే తావది."

రోజంతా గుంటలో కూర్చుని, మగ్గం ఆడించే తొక్కుడు చెక్కను వట్టి కాలితో తొక్కుతున్నాడన్నమాట. కేసు షీటులో నేతపని అని నా చేత్తో రాసుకుని కూడా ఆ మాట అడగలేదు, తప్పు నాదే. మగ్గం మానెయ్యమంటే మాత్రం ఆయన ససేమిరా అన్నాడు.

ఆ ఆదివారం రబ్బరు అట్ట, కత్తెర, గమ్ము సంచిలో వేసుకుని వాళ్లింటికి వెళ్లాను. చెప్పు కాలికి వద్దంటే చెక్కకే తొడుగుదామన్నాను. ఈ తెలివి ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకున్నావని ఆయన భార్య నవ్వింది. కొలత తీయబోతుంటే మునిరత్నం ఆపాడు.

"మూసే ముందర ఒకసారి నువ్వు తొక్కి సూడప్పా. నా కాలికైతే ఏం తెలీడం లేదు."

మా తాత చెప్పులు కుట్టే రోజుల్లో ఇలాంటి ఇళ్ల గడప బయటే నిలబడి కొలతలు తీసుకునేవాడు. నేను వట్టి కాళ్లతో గుంటలో దిగి కూర్చుని, కుడి చెక్క మీద పాదం పెట్టాను.

"సల్లగా, నున్నగా ఉండాదన్నా. బొటనేలి కింద చిన్న పల్లం ఉండాది."

"అది మా నాయన తొక్కి తొక్కి పడింది. కాలు పెడతానే ఆయన కాలు తగిలినట్టుండేది. కాలు మొద్దుబారి నాలుగేండ్లాయె, ఇప్పుడేం తెలీదు."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఇంకొంచెంసేపు తొక్కమన్నాడు, తొక్కాను. నాకూ దుఃఖం వచ్చింది. కాసేపటికి ఆయనే "ఇంక మూసెయ్" అన్నాడు.

పుండు మళ్లీ రాలేదు. ఆయన ఇప్పటికీ నేస్తున్నాడు, చెక్క ఎక్కడుందో వంగి చూసుకుంటూ.

ఇప్పుడు ఎవరొచ్చినా, ఆ కాలు రోజంతా దేని మీద ఉంటుందని ముందు అడుగుతాను. పని గురించి చెబుతారు. తర్వాత, అడక్కుండానే, కాలికి తెలియకుండా పోయినవన్నీ చెబుతారు. అవి విన్నాకే కొలత టేపు తీస్తాను.