నాచారంలో ప్రొజెక్టర్ విప్పించిన రోజు

మా బడి ప్రొజెక్టర్ ఒక సోమవారం పొద్దున ఆగిపోయింది. మీట నొక్కితే ఎర్ర దీపం వెలిగింది గానీ గోడ మీద బొమ్మ పడలేదు. భువనగిరి నుంచి ఇంకా లోపలికి వెళ్ళాల్సిన ఊరు మాది. అక్కడి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను పదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతాను. కాంతి పాఠం సగంలో ఉంది. ఇరవై ఏళ్ళుగా సుద్దముక్కతో కటకాలు గీసి గీసి భుజం అరిగిన మనిషిని. కిరణం గాజులోకి పోయి వంగడం గోడ మీద చూసిన రోజు, వెనక బెంచీలో ఏడాదంతా నోరు మెదపని పిల్ల లేచి, నీళ్ళలో పెట్టిన పుల్ల కూడా ఇందుకే విరిగినట్టు కనిపిస్తుందా అని అడిగింది. అప్పటినుంచి ఆ పెట్టె మీద నాకు మమకారం కుదిరింది.

ఎవరు పాడుచేశారన్న ప్రశ్న వచ్చినప్పుడు స్టాఫ్ రూమ్‌లో మొదట నోరు తెరిచింది నేనే. బాలమణి అని, మా బడి ఊడ్చే ఆవిడ ఉంది. పాఠానికి గది చీకటి చేయాలంటే కిటికీలకు తన ఇంటి దుప్పట్లు తెచ్చి కట్టేది కూడా ఆవిడే. శనివారం నేను సీడీ తేవడానికి వెళ్ళి వచ్చేసరికి ప్రొజెక్టర్‌ను తడిగుడ్డతో తుడుస్తోంది. ఆ సంగతే చెప్పాను. తుడిచిన మాట నిజమేనని బాలమణి ఒప్పుకుంది. హెడ్మాస్టరుగారు ఇంకేమీ అడగకుండా, ఒకటో తారీఖు నుంచి రావద్దన్నారు. ఆమె చీపురు గోడకు ఆనించి వెళ్ళిపోయింది. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. మెషిన్ బాగుపడితే సారు కోపం తగ్గుతుందని, బాలమణి మాట మళ్ళీ ఎత్తవచ్చని ఆశపడ్డాను. ఒకటో తారీఖుకు ఇంకా వారం ఉంది. అమ్మిన కంపెనీ వాళ్ళు గ్యారంటీ గడువు దాటిందని చేతులెత్తేశారు. నాచారంలో ఒకాయన బాగుచేస్తాడని తోటి టీచర్ ఒకామె చెబితే, గురువారం సెలవు పెట్టి బయలుదేరాను.

ప్రొజెక్టర్‌ను పాత చీరలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, ఆరింటికి ఆటోలో భువనగిరి చేరి, ఏడింటికి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఉప్పల్‌కు టికెట్టు ముప్పై రూపాయల లోపే. పెట్టెకు కూడా టికెట్టు కొట్టాలని కండక్టర్ అన్నాడు గానీ, బడి సామాను అనేసరికి వదిలేశాడు. ఘట్‌కేసర్ దాకా బస్సు బాగానే పరిగెత్తింది. పీర్జాదిగూడ దగ్గర మొదలైన ట్రాఫిక్ ఉప్పల్ రింగురోడ్డు దాకా అంగుళం అంగుళంగా కదిలింది. మెట్రో స్తంభాల కోసం రోడ్డు నడుమ రేకులు కట్టి తవ్వేశారు. నడిచిపోయేవాళ్ళు మమ్మల్ని దాటి పోతున్నారు. పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కాయి. దిగేసరికి తొమ్మిది. మీరు వెళ్ళే పనైతే ఇంకో గంట ముందే బస్సెక్కండి, లేదంటే ఈ తవ్వకాల్లోనే సగం ఓపిక అయిపోతుంది.

ఉప్పల్ నుంచి నాచారానికి హబ్సిగూడ మీదుగా బస్సులో పోవచ్చు. ఆ పెట్టెతో బస్సు మారే సత్తువ లేక, చిల్కానగర్ లోపలినుంచి తీసుకుపోతానన్న ఆటో ఎక్కాను. డ్రైవరు జనగామ నుంచి వచ్చి, ఫ్యాక్టరీలో కొన్నేళ్ళు చేసి, మానేసి ఆటో కొనుక్కున్నాడట. పెట్టెలో టీవీ ఉందా అని అడిగాడు. సంగతి చెప్పాను. తన బిడ్డ చదివే ప్రైవేటు బడిలో కూడా డిజిటల్ బోర్డు పెట్టామని చెప్పి, దానికి వేరే ఫీజు కట్టించుకున్నారట.

"నిరుడు పెట్టిన్రు మేడం. ఎవలో సార్ దాని మీద మార్కర్ పెన్నుతోని లెక్క చేసిండంట. తుడిస్తే పోతలేదంట. గిప్పుడు గా లెక్క మీదనే క్యాలెండర్ తగిలిచ్చిన్రు" అన్నాడు.

నేను నవ్వాను గానీ ఆ సారు మీద జాలి కూడా వేసింది. బోర్డు కనబడితే రాసే చెయ్యి మనది. ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోతే ఏం చేస్తాడు? గుంతలు దాటినప్పుడల్లా పెట్టెను గట్టిగా పట్టుకొమ్మని హెచ్చరిస్తూ, డెబ్బై రూపాయలకు నన్ను నాచారం ఫ్యాక్టరీల వీధిలో దించాడు.

షాపు తెరిచి లేదు. పది దాకా మెట్టు మీద కూర్చున్నాను. వచ్చిన పెద్దాయన పేరు మూర్తిగారు. తెనాలి వైపు మనిషి. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థలో రిటైరై, ఈ రేకుల గదిలో మరమ్మతులు చేస్తున్నారు. ఈ వీధికి ఈ రోజు పవర్ హాలిడే అని, రెండింటికి గానీ కరెంటు రాదని ముందే చెప్పారు. విప్పి చూడటానికి కరెంటు అక్కర్లేదు గదా అని కిటికీ దగ్గర బల్ల మీద విప్పారు. మీరు మాత్రం ముందుగా ఫోన్ చేసి కరెంటు సంగతి అడిగి వెళ్ళండి.

ఆయన చేతులు నెమ్మదిగా కదులుతున్నాయి. నేను అడగకుండానే బాలమణి సంగతి చెప్పాను. తడిగుడ్డ వల్ల లోపలికి నీళ్ళు పోయి ఉంటాయేమో చూడమన్నాను. ఆయన లోపలంతా టార్చి వేసి చూసి, బల్బు బయటికి తీశారు. గాజు నల్లగా మాడి, ఒక పక్క ఉబ్బి ఉంది.

"తడి ఆనవాలే లేదమ్మా ఇందులో. పాఠం అయిపోయాక దీన్ని ఎలా ఆపుతారు మీరు?" అని అడిగారు.

మంచి విద్యార్థిలా, కొంచెం గర్వంగానే చెప్పాను. మా ఊళ్ళో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు ఎక్కువ వోల్టేజీతో వస్తుందో తెలియదు. అందుకని గంట కొట్టగానే మీట నొక్కి, వెంటనే ప్లగ్ పీకేస్తాను. దుమ్ము పడకుండా కుట్టించిన కవరు తొడుగుతాను. బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నా దగ్గరే ఉంచుకుంటాను. ఒక్కరోజు కూడా తప్పలేదు.

మూర్తిగారు స్క్రూడ్రైవర్ కింద పెట్టారు.

"మీట ఆపాక కూడా లోపల ఫ్యాను రెండు మూడు నిమిషాలు తిరుగుతుందమ్మా. బల్బు చల్లారడానికే అది. కాలుతున్నదానికి గాలి ఆపేసి, పైన కవరు తొడిగి, బీరువాలో పెట్టారు మీరు. రోజూ అదే చేస్తే ఎన్నాళ్ళుంటుంది చెప్పండి? బిగించిన రోజు వాళ్ళు చెప్పలేదా?"

చెప్పే ఉంటారు. బిగించడానికి వచ్చిన కుర్రాడు అరగంట ఏదో చెప్పడం గుర్తుంది. నేను ఆ గదిలోనే మూల కుర్చీలో కూర్చుని మధ్యాహ్న భోజనం రిపోర్టు నింపుతున్నాను. చివర్లో శిక్షణ పొందినట్టు సంతకం పెట్టమంటే పెట్టాను. మనం ఎన్ని శిక్షణలకు ఇలా సంతకం పెట్టలేదు? నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వేడి, కాంతి అన్న పాఠాలు చెప్పి జీతం తీసుకునేదాన్ని నేను. కాలుతున్న బల్బుకు కవరు తొడగకూడదన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు.

వాడిన బల్బే కానీ మంచిది ఒకటి ఉందని, రెండు వేలకు వేస్తానని ఆయన అన్నారు. సరేనన్నాను. కరెంటు వచ్చేదాకా చేసేదేమీ లేదు. సందు చివర మెస్సులో భోజనానికి కూర్చున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు పవర్ హాలిడే అని పనిలేక వచ్చిన ఫ్యాక్టరీవాళ్ళు. పప్పు బాగుంది గానీ సగం వదిలేశాను. వడ్డించే ఆవిడ ఒంట్లో బాగాలేదా అని అడిగింది. ప్రయాణం పడలేదన్నాను. హెడ్మాస్టరుగారికి చేద్దామని ఫోన్ చేతిలోకి తీసుకుని మూడుసార్లు లోపల పెట్టాను. మెషిన్ బాగైందని మాత్రం చెబితే చాలు, ఎలా పాడైందో ఎవరూ అడగరు అనిపించింది. నిజానికి అదే చేద్దామనుకున్నాను.

రెండు దాటాక కరెంటు వచ్చింది. రేకుల గది గోడ మీద ముందు నీలం, తర్వాత తెల్లని వెలుగు పడింది. మూర్తిగారు నా చేతే మీట ఆపించి, ఫ్యాను చప్పుడు ఆగేదాకా పక్కన నిలబెట్టారు. రెండు నిమిషాలు చాలా పొడుగ్గా అనిపించాయి. ఆ రెండు నిమిషాల్లోనే, బాలమణి కళ్ళలోకి చూడకుండా ఇంక ఆ బడిలో తిరగలేనని తెలిసింది.

తిరిగి ఆటోలో ఉప్పల్ చేరి, బస్సు కోసం నిలబడి హెడ్మాస్టరుగారికి ఫోన్ చేశాను. తడి వల్ల కాదు, నా చేతుల మీదుగానే పాడైందని చెప్పాను. ఊడ్చే పనికి ఇంకో మనిషిని మాట్లాడేశానని ఆయన గొణిగారు. తర్వాత అడిగారు:

"రాసిస్తరా మేడం మరి? ఫైల్ల పెట్టుకుంట నేను."

ఫైల్లో పెడితే రేపు పైవాళ్ళు నన్ను సంజాయిషీ అడుగుతారు. అది ఇద్దరికీ తెలుసు. రాసిస్తానన్నాను. అయితే బాలమణిని రమ్మని మీరే చెప్పండి అని ఆయన ఫోన్ పెట్టేశారు.

బస్సులో చోటు దొరికాక బాలమణికి చేశాను. తప్పు నాదేనని, ఒకటో తారీఖున మామూలుగా రమ్మని చెప్పాను. ప్లగ్ వెంటనే పీకడం వల్ల బల్బు కాలిందని వివరించబోయాను.

"నాకెరుకనే మేడం. గా బిగించిన పిలగాడు చెప్పిండు గద, ఫ్యాన్ సప్పుడు బందైనంకనే వైరు తియ్యాలని. నేను తలుపు కాడ నిలబడి విన్న" అంది.

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతులో టీచరే మాట్లాడింది.

"ఓపారి చెప్పిన మేడం. మీరు సీడీలు సదురుకుంట, సరే సరే, నువ్వు దుప్పట్లు ఇప్పు అన్నరు. మల్ల ఎట్ల చెప్పాలె?"

నాకు ఆ మాట అన్నట్టు గుర్తు లేదు. వస్తావు కదా అని మాత్రం అడిగాను. "వస్త మేడం. రాక ఏడికి పోత" అంది. ఆ జవాబులో సంతోషం ఏమీ లేదు.

ఇంటికి చేరేసరికి ఆరున్నర. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. రెండు వాక్యాల కాగితం రాయడానికి ప్రయాణానికి పట్టినంత సేపు పట్టినట్టనిపించింది. మరునాడు ఇచ్చేశాను. బడికి కంప్యూటర్లు, ప్రొజెక్టర్లు రావాలని అందరితో పోట్లాడినదాన్ని నేను. వచ్చినవాటి గురించి చెబుతుంటే విన్నది మాత్రం తలుపు దగ్గర నిలబడ్డ మనిషి. ఇప్పుడు పాఠం అయ్యాక మీట నేను ఆపుతాను, వైరు బాలమణి తీస్తుంది. ఇంకా నాతో అవసరానికి మించి మాట్లాడటం లేదు. మాట్లాడమని అడిగే ముఖం నాకు లేదు. మీ బడిలో ఇలాంటిదేదైనా పాడైతే, నాచారానికి పెట్టె సర్దేముందు ఒక పని చేయండి. రోజూ ఆ గది ఊడ్చే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె ఏం చూసిందో అడగండి. చెబుతున్నంతసేపు చేతిలో ఇంకో పని పెట్టుకోకండి.