మొక్కజొన్న రవ్వ మీద లాడీ పాదం

లాడీ హ్రుస్కా జన్మలో నాట్యం చెయ్యలేదని మొరావ్కా ఊరంతా ఒక్క మాట మీద ఉంది. చేశాడని చెప్పేది ఒక్క మనిషి, ఆయన భార్య అల్బీనా. ఆ మనిషికి కూడా ఈమధ్య తన మాట మీద తనకే నమ్మకం తగ్గుతూ వచ్చింది.

అల్బీనాకు ఎనభై దాటాయి. పెళ్లయి ఈ ఊరు వచ్చిన నాటి నుంచీ ఆవిడ శనివారాలన్నీ మొరావ్కా హాలు వంటింట్లోనే గడిచాయి. సాసేజిలు కాల్చడం, పులిసిన క్యాబేజీ ఉడికించడం, గసగసాల ముద్ద పెట్టి కాల్చిన కొలాచీ బన్నులు పళ్లేల నిండా పేర్చడం, ఇదీ పని. యూరప్ నుంచి టెక్సాస్‌కి వలస వచ్చిన మా చెక్ వాళ్ల పల్లెల్లో చర్చి తరవాత చర్చి అంతటిది హాలు. పెళ్లి భోజనమైనా, చావు భోజనమైనా అక్కడే. శనివారం సాయంత్రమైతే బ్యాండు, బీరు, నాట్యం. గోడవారగా బల్లల కింద దుప్పట్లు పరిచి పిల్లల్ని పడుకోబెట్టేసి పెద్దవాళ్లు ఆటలో దిగేవారు. డ్రమ్ములు మోగుతున్నా ఆ పిల్లలు గుర్రుపెట్టి నిద్రపోయేవారు. అలా నిద్రపోయిన వాళ్లే ఇప్పుడు హాలు కమిటీలో కూర్చుని అందరి మీదా పెత్తనం చేస్తున్నారు.

లాడీ పని హాలు నేల. బ్యాండు వాళ్లు రాకముందే బకెట్టు చంకన పెట్టుకుని చెక్కనేలంతా మొక్కజొన్న రవ్వ చల్లేవాడు. రవ్వ పడితేనే బూటు జారుతుంది, ఆట తేలుతుంది. మరీ ఎక్కువ పడితే మనిషే జారి పడతాడు. ఆ లెక్క లాడీ చేతికి తెలుసు. కానీ నేలను అంత ముచ్చటగా తయారుచేసిన మనిషి దాని మీద అడుగు వేసేవాడు కాదు. చిన్నతనంలో పత్తిబండి చక్రం కింద పడి అతని ఎడమ పాదం నలిగిపోయింది. నడుస్తుంటే ఆ పాదం వెనకాల ఈడ్చుకుంటూ వచ్చేది. అందుకని వేదిక పక్క స్తంభానికి ఆనుకుని, చేతులు కట్టుకుని, అందరి కాళ్లూ చూస్తూ నిలబడేవాడు.

"నువ్వెళ్లి ఆడవే, నేను చూస్తుంటాగా" అనేవాడు అల్బీనాతో. ఆవిడ తన అన్నదమ్ములతోనో, పక్కపొలం ముసలాయనతోనో ఆడి వచ్చేది. ఎప్పుడు తల తిప్పినా లాడీ కళ్లు ఆవిడ మీదే ఉండేవి.

సొంత చెల్లెలు వ్లాస్తా పెళ్లిలోనూ అంతే చేశాడు. తండ్రి లేని పిల్ల. పెళ్లికూతురితో మొదటి ఆట అన్న ఆడాలి. ఊరంతా గుండ్రంగా నిలబడి చూస్తోంది. లాడీ ముందుకొచ్చి, తల అడ్డంగా ఊపి, "నా కాలు రాదు తల్లీ" అని బాబాయిని ముందుకు తోశాడు. వ్లాస్తా నవ్వుతూనే ఆడింది. ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తలేదు కదా అని మరిచిపోయిందనుకుంటే మనదే పొరపాటు.

డెబ్భై నాలుగు వేసవిలో పాటగాడు హార్లన్ టీగ్ మా హాలుకి వచ్చాడు. ఆయన పాట వినని పశువుల కాపరి లేని రోజులవి. జనం మధ్య పాడుతుండగా రికార్డు చేస్తామని లారీ నిండా యంత్రాలు తెచ్చి, స్తంభాలకు మైకులు కట్టి, వరసగా రెండు రాత్రులు పట్టారు. 'మొరావ్కాలో శనివారం' అనే ఆ రికార్డు ఎంత దూరం పోయిందంటే, ఎక్కడెక్కడి వాళ్లో కార్లు వేసుకొచ్చి మా హాలు గుమ్మం ముందు ఫోటోలు దిగేవారు. మా వంటింటి సాసేజి వాళ్లకి పెద్దగా నచ్చేది కాదు, అది వాళ్ల ఖర్మ.

అల్బీనా చెప్పేది ఆ రెండో రాత్రి సంగతి.

మా హాల్లో ఆఖరి ఆట వాల్ట్జ్, మూడేసి అడుగుల జంట నాట్యం. దీపాలు తగ్గించి ఒక్క వరస బల్బులే ఉంచుతారు. ఎవరితో కలిసి వచ్చావో వాళ్లతోనే ఆడాలి, ఎవరూ కూర్చోకూడదు. అందుకే ఆ వేళకి అల్బీనా మెల్లిగా వంటింట్లోకి జారుకుని గిన్నెలు తోమడం మొదలుపెట్టేది. భార్య కుర్చీలో కూర్చుని ఉంటే లాడీకి చిన్నతనం అని. ఆ రాత్రి కూడా మోచేతుల దాకా సబ్బు నురగలో ఉంది. లాడీ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"రావే" అన్నాడు.

"ఎక్కడికి?"

"యంత్రాలు ఆపేశారట. రికార్డు నిండిపోయిందని ఆ లారీ కుర్రాడు చెప్పాడు. ఇంక ఏం చేసినా ఎవరికీ వినపడదు."

వేదిక పక్కన స్తంభం వెనక చీకటి మూలకి తీసుకుపోయాడు. ఒక చెయ్యి స్తంభం మీద, ఒక చెయ్యి ఆవిడ నడుం మీద. అడుగు, అడుగు, ఈడ్పు. ఆ మూల దాటి పోలేదు. పాట అయిపోగానే చీపురు తేవడానికి వెళ్లిపోయాడు. మళ్లీ ఎన్నడూ ఆడలేదు. ఎప్పుడైనా అడిగితే, "యంత్రాలు ఆగాలిగా" అని నవ్వేవాడు.

లాడీ పోయాక, చావు భోజనాల దగ్గర అల్బీనా ఈ సంగతి మొదటిసారి పైకి చెప్పింది. వ్లాస్తా ఒంటికాలి మీద లేచింది.

"మా అన్నయ్య ఆడటమేంటి వదినా! ఆ రాత్రి నువ్వు ఆడింది మీ తమ్ముడితో. నేను చూశాను."

"ఆఖరి వాల్ట్జ్ అప్పుడు నువ్వు హాల్లో ఎక్కడున్నావే? నిద్రపోయే పిల్లల్ని ట్రక్కులో పడుకోబెడుతున్నావు."

"ట్రక్కులోంచి కూడా కనపడుతుందిలే నాకు."

అప్పటినుంచీ ఇద్దరికీ ఇదే గొడవ. వారం వారం ఒకే బల్ల మీద కూర్చుని గసగసాలు నూరుకుంటారు, ఒకరి మందులు ఒకరు గుర్తు చేసుకుంటారు, ఈ మాట రాగానే ఎడమొహం పెడమొహం అయిపోతారు. తమాషాగా ఉండేది మాకందరికీ.

తమాషా కాకుండా పోయింది పోయినేడాది. అల్బీనా గసగసాల ముద్దలో చక్కెరకు బదులు ఉప్పు పోసింది. చర్చి నుంచి ఇంటికొచ్చే దారి తప్పి పత్తిచేల మధ్య కారు ఆపుకుని కూర్చుంది. మతిమరుపు మొదలైందని డాక్టరు చెప్పాడు. జరగనివి కూడా జరిగినట్టు అనిపించవచ్చు, కంగారు పడొద్దు అన్నాడు. కంగారు పడకుండా ఎలా ఉంటుంది? ఆ రికార్డు రాత్రి హాలు వంటింట్లో తనొక్కతే గిన్నెలు తోముకుంటూ ఆ ముచ్చటంతా ఊహించుకుందేమో. అంత మంచి మనిషితో గడిపిన అన్నేళ్లలో అన్నిటికన్నా తీపి ఘడియ అసలు జరగనే లేదేమో. ఆ భయం ఆవిడని వదల్లేదు. వ్లాస్తా దగ్గర వాదించడం మానేసింది. వ్లాస్తాకి అది మరీ మంట పుట్టించింది, గెలిచిన సంతోషం లేదు.

అలాంటప్పుడు రికార్డు కంపెనీ నుంచి కోరిన్ అనే అమ్మాయి వచ్చింది. యాభై ఏళ్లయిందని 'మొరావ్కాలో శనివారం' మళ్లీ తెస్తున్నారట, అదీ పెంచి. పాత ఫోటోల కోసం ఇల్లిల్లూ తిరుగుతోంది.

"పెంచి అంటే?" అడిగింది అల్బీనా, కొలాచీ పళ్లెం ముందుకు జరుపుతూ.

"రెండు రాత్రుల టేపులూ దొరికాయి మామ్మగారూ. అప్పుడు రికార్డులో చోటు చాలక వదిలేసిన పాటలు, మధ్యలో కబుర్లు, జనం అల్లరి, అన్నీ వేస్తున్నాం. ఆఖరి వాల్ట్జ్ కూడా."

"అప్పటికి యంత్రం ఆపేశారుగా?"

"లేదండీ. టేపు అయిపోయేదాకా తిరుగుతూనే ఉంది. ఎవరో ఆపడం మరిచిపోయినట్టున్నారు."

అల్బీనా కాఫీ కప్పు పక్కన పెట్టేసి, ఆ మాట ఇంకోసారి చెప్పించుకుంది.

ఆదివారం పూజ అయ్యాక హాల్లో అందరికీ ముందుగా వినిపించారు. వేదిక మీద బ్యాండుకి బదులు రెండు పెద్ద స్పీకర్లు. ముందు బల్ల మీద వదినా మరదళ్లు పక్కపక్కనే కూర్చున్నారు. పాటలు మాకు కంఠస్థమే. మమ్మల్ని కుదిపేసినవి పాటల మధ్యలోని చప్పుళ్లు. సీసాలు తగిలిన చప్పుడు, ఎవరో పిల్లాడి ఏడుపు, బీరు కోసం కేకలు. "అదిగో, మా నాన్న ఈల!" అని ఒకాయన లేచి నిలబడి అలాగే ఉండిపోయాడు. "మా అమ్మ నవ్వు, మా అమ్మ నవ్వు" అంటూ కసాయికొట్టు ఎమిల్ ముక్కు చీదుకున్నాడు. గుట్ట మీద సమాధుల్లో ఉన్నవాళ్లంతా తిరిగొచ్చి మా మధ్యన గోల చేస్తున్నారు. అంతమందీ పోయారన్న సంగతి అప్పుడు తెలిసింది మాకు.

ఒక పాట అయ్యాక హార్లన్ టీగ్ గొంతు వినపడింది: "ఎవరయ్యా ఇక్కడ రవ్వ చల్లింది? నా గిటారు కూడా జారిపోతోంది!"

టేపులో జనమంతా ఒక్కసారి "లాడీ!" అని అరిచారు. ఆ రోజు యంత్రాల కంగారులో చెయ్యి జారి రవ్వ ఎక్కువ పోశాడు పాపం. అల్బీనా పకపకా నవ్వింది.

"రవ్వ చల్లాడన్నారు, బాగానే ఉంది" అంది వ్లాస్తా ఆవిడ చెవిలో. "ఆడాడన్నారా?"

అల్బీనా స్పీకర్ల వైపు తిరిగింది. బల్ల అంచు పట్టుకుని ముందుకు వంగింది. ఫిడేలు మొదలైంది. ఆఖరి వాల్ట్జ్.

అక్కడే వచ్చింది చిక్కు. ఆఖరి వాల్ట్జ్ మోగుతుంటే కూర్చునే అలవాటు మా రక్తంలోనే లేదు. ఎవరూ చెప్పకుండానే హాలంతా లేచింది. ముసలి దంపతులు, కొత్త దంపతులు, కమిటీ వాళ్లు, అందరూ దిగారు. నేల మీద పొద్దున్నే కొత్త రవ్వ చల్లి ఉంది. అన్ని జతల బూట్లు ఒకేసారి దాని మీద సర్‌మని రాసుకుంటుంటే టేపులోని అడుగులు వినపడేదెలా? అల్బీనా స్పీకరు దాకా నడిచి చెవి ఆనించింది. "కాస్త ఆగండి, కాస్త..." అంది. ఆ గొంతు ఎవరికి వినపడుతుంది! పాట సగం దాటింది. ఆవిడ కళ్లలోంచి నీళ్లు జలజలా కారిపోతున్నాయి.

వ్లాస్తా అది చూసింది. బల్ల మీద చేత్తో దబాలున చరిచింది.

"ఆపండి! ఒక్కరు కదిలారంటే ఊరుకోను! కూర్చోండందరూ!"

ఆఖరి వాల్ట్జ్ ఆపమన్న మనిషి మొరావ్కాలో అంతకు ముందు పుట్టలేదు. జనం కొయ్యబారిపోయారు. వ్లాస్తా కోరిన్ వైపు తిరిగి, "మళ్లీ మొదటినుంచీ పెట్టమ్మాయ్" అంది.

హాలంతా కాలు కదపకుండా కూర్చుంది. ఫిడేలు, గిటారు, వాటి కింద చాలామంది కాళ్లు, దూరంగా. వాటికి దగ్గరగా, మైకుకి పక్కనే, ఇంకెవరో. అడుగు. అడుగు. సర్ర్... అడుగు. అడుగు. సర్ర్...

అల్బీనాకన్నా ముందు గుర్తుపట్టింది వ్లాస్తా. చిన్నప్పుడు రోజూ పొలం నుంచి వచ్చి మెట్లెక్కే ఆ పాదం చప్పుడు వినే ఆమె నిద్రపోయేది.

"అన్నయ్య" అంది.

అల్బీనా అరచేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. కల కాదు. తన మతి ఏ ముక్కలు పోగొట్టుకున్నా ఇది మాత్రం జరిగింది, ఊరంతా విన్నది. కాసేపటికి తలెత్తి చూస్తే పక్కన వ్లాస్తా ఇంకా రాయిలా కూర్చుని ఉంది.

"వచ్చు వదినా. అన్నయ్యకి వచ్చు" అంది వ్లాస్తా. "నా పెళ్లినాడు రాదన్నాడు. అంతమంది ముందు నన్ను బాబాయికి ఇచ్చేశాడు. రాదులే పాపం, నిజంగానే రాదులే అని ఇన్నేళ్లూ సర్ది చెప్పుకున్నాను."

అల్బీనాకు అప్పుడు అర్థమైంది ఇన్నేళ్ల గొడవ. మరదలి చెయ్యి పట్టుకుంది.

"జనం చూస్తుంటే నిజంగానే రాదే ఆయనకి. నాతో ఆడింది కూడా చీకట్లో, స్తంభం చాటున, యంత్రాలు ఆగాయనుకుని. లే."

"ఎక్కడికి?"

"ఆయన ఉన్నాడుగా ఇప్పుడు. లే, నీ పెళ్లి ఆట ఆడుకుందువు గాని."

కోరిన్ మూడోసారి పెట్టింది. ఇద్దరు ముసలమ్మలు ఒకరినొకరు పట్టుకుని వేదిక పక్క స్తంభం వెనక్కి వెళ్లారు. మా హాలు చరిత్రలో ఆఖరి వాల్ట్జ్ మోగుతుండగా ఊరంతా కూర్చున్నది ఆ ఒక్కసారే. ఫిడేలు అందుకుంది. అడుగు, అడుగు, సర్ర్. వ్లాస్తా కళ్లు మూసుకుని, తల ఒక పక్కకి వాల్చి, ఆ ఈడ్పుకి సరిగ్గా తన కాలు కలిపింది.

"వదినా" అంది గొణుగుతూ, "మెల్లిగా వెయ్యి అడుగు. అన్నయ్యది వినపడటం లేదు."