మాడని ఒక్క రొట్టె

"అందరూ", "అన్నీ", "ఎవరూ" అనే మాటలు చెవిన పడితే చాలు, సీ మఫద్దల్ మాష్టారికి ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టుండేది. ఫెజ్ నగరం పాతబస్తీ మదర్సాలో నలభై ఏళ్ళు తర్కం చెప్పి ఆయన విశ్రాంతి తీసుకున్నారు గానీ, ఆ రోజునుంచి వీధికి విశ్రాంతి లేకుండా పోయింది.

"ఈ వీధి పిల్లలంతా వెధవలే" అని మంగలి అన్నాడనుకోండి, "మా వీధిలో ఒక్కడూ వెధవ కాదు" అని తల్లులు మీదపడేవారు. మాష్టారు మధ్యలో దూరి, "రెండూ తప్పే. అతని మాట కొట్టేయాలంటే, కనీసం ఒకడు వెధవ కాడు అంటే చాలు" అనేవారు. ఆ ఒకడు ఎవరి కొడుకో తేలక, తల్లులు తమలో తాము కొత్త కొట్లాట మొదలుపెట్టేవారు.

భార్య లల్లా బతూల్‌కీ ఈ బాధ తప్పలేదు.

"ఈ ఇంట్లో నా మాట ఎవరూ వినరు" అందొకసారి.

"అది అబద్ధం కావాలంటే నేనొక్కణ్ణి వింటే చాలు."

"అయితే విని, వెళ్ళి పుదీనా పట్టుకురండి."

"విన్నాను" అన్నారు మాష్టారు, దిండు మీంచి కదలకుండా. "నువ్వు ముందు అన్నది వినడం గురించే, తేవడం గురించి కాదు."

వీధి రొట్టెల బట్టీలో కొండ ఊరినుంచి వచ్చిన బూషత అనే కుర్రాడు కొత్తగా చేరాడు. ఇళ్ళవాళ్ళు పలకల మీద పిండిముద్దలు పంపితే కాల్చి ఇవ్వడం వాడి పని. కాల్చడమంటే మామూలు కాల్చడం కాదు, బొగ్గయ్యేదాకా వదిలేవాడు కాదు. నెల తిరక్కుండా ఆ వీధిలోనే ఉండే లల్లా జహోర్ అర్జీ రాయించింది: "బూషత కాల్చే రొట్టెలన్నీ మాడిపోతాయి." శుక్రవారం, ఊళ్ళో బట్టీలన్నిటికీ పెద్ద అయినవాడు వచ్చి విచారిస్తాడట. ఆ మాట నిజమని తేలితే వాడు మూటాముల్లె సర్దుకోవాల్సిందే. అప్పటికే రెండు పనులు పోగొట్టుకున్నవాడు, ఇదీ పోతే ఊళ్ళో ఏ మొహం చూపిస్తాడు?

వాడు ఏడుపుమొహంతో మాష్టారి గుమ్మం ఎక్కాడు.

"ఒక్క రొట్టె కూడా మాడలేదని పెద్ద ముందు ఒట్టేస్తానండీ."

"వేశావంటే మునిగావే. మాడింది ఒక్కటి చూపించి ఆవిడ నీ నోరు మూయిస్తుంది. 'అన్నీ మాడతాయి' అన్నదానికి ఎదురుమాట 'ఏదీ మాడదు' కాదురా. 'కనీసం ఒక్కటి మాడదు.' ఆ ఒక్కటీ పట్టుకురా, చాలు."

బూషత బుర్ర గోక్కున్నాడు. "ఆ ఒక్కటే లేదండీ."

మాష్టారు నిర్ఘాంతపోయారు. నలభై ఏళ్ళలో ఆయనకి నికార్సైన "అన్నీ" ఎదురుపడటం అదే మొదలు.

"అయితే ఆవిడ చెప్పింది నిజమే" అని తలుపు వేసేసుకున్నారు. బూషత ఆ గుమ్మంలోనే చతికిలపడ్డాడు. మాష్టారు కూడా అర్జీ మీద సంతకం పెట్టేస్తారనుకున్నాడు.

తెల్లారేసరికి మాష్టారు నెత్తిన పిండిముద్దల పలక, చంకలో పిండి మూటతో బట్టీ ముందు నిలబడి ఉన్నారు.

"నిజాన్ని అబద్ధం అనకూడదు. కానీ శుక్రవారంలోగా అబద్ధం చెయ్యొచ్చు. పొయ్యి రాజెయ్యి."

ఆయనకి రొట్టె తినడం తప్ప కాల్చడం తెలియదు. అయినా రోజూ చెమటలు కక్కుతూ పక్కనే కూర్చుని, "ఎడమవైపు ముందు మాడుతోంది, కుడికి జరుపు, ఇప్పుడు తీయి" అని ప్రాణం తోడేశారు. మంగళవారం బొగ్గు. బుధవారం బొగ్గు. గురువారం ఒకవైపు బొగ్గు.

శుక్రవారం పెద్ద ముందు జహోర్ ముప్పై నల్లరొట్టెలు పేర్చింది. మాష్టారు జేబురుమాలు విప్పి, ఆ పొద్దున బూషత కాల్చినది ఒక్కటి పెట్టారు. అది బంగారంలా ఉంది.

"ఒక్కటేగా" అంది జహోర్.

"ఒక్కటే చాలమ్మా. నువ్వు 'అన్నీ' అని రాయించావు."

పెద్ద ఆ రొట్టె తుంచి నోట్లో వేసుకున్నాడు, నమిలాడు, అర్జీ మడిచి పక్కన పెట్టాడు. బూషత వచ్చి మాష్టారి భుజాన్ని గౌరవంగా ముద్దుపెట్టుకున్నాడు.

"అయితే వీడు రొట్టెలు బాగా కాలుస్తాడంటారా?" జహోర్ వదల్లేదు.

"ఆ మాట నేనన్నానా తల్లీ?"

"ఆయన అనరు, నేను చెబుతాను" అంది బతూల్ వెనకనుంచి. "వీడికి చెయ్యి తిరగాలని ఇంట్లో పిండంతా ఈయనే మోశారు. మంగళవారంనుంచి మేమిద్దరం బొగ్గే తింటున్నాం. ఎలా ఉందని అడిగితే, 'కనీసం ఒక ముక్క బాగుంది' అంటారు."

మాష్టారు చెవులదాకా ఎర్రబడ్డారు. అందరూ తననే చూస్తుంటే గొంతు సవరించుకుని, బూషత వైపు తిరిగి కసిరారు.

"ఏమిట్రా చూస్తున్నావు? రేపు పెందరాళే రా. రెండో రొట్టె సంగతి చూద్దాం."