చంద్రుడి రాయికి పాలిష్

పాలిష్ మేస్త్రీకి ముక్కు పనిచేయడం మానేసి చాలా ఏళ్ళయింది. ఊహ తెలిసిన దగ్గర్నుంచి జనం ఇళ్ళల్లో బండలు అరగదీసిన మనిషి. ఆ రాతిపొడి ముక్కులో చేరి చేరి, పొయ్యి మీద పాలు మాడినా పెళ్ళాం కేకేస్తే తప్ప తెలిసేది కాదు. ఒక బ్యాంకు వరండాలో పని చేస్తుండగా మిషన్ మోటారు కాలిపోతుంటే, ఆ కమురు వాసన కాపలావాడికి తెలిసింది గాని ఆయనకు తెలియలేదు. మెకానిక్ విప్పి చూసి, పాత ఇనుముకు వేసుకోమన్నాడు.

సొంత మిషన్ పోయాక మిగిలిన దారి ఒక్కటే, తోడల్లుడి కింద కూలికి చేరడం. ఆ తోడల్లుడు ఈయన దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు రెండు మిషన్లు తిప్పుతున్నాడు.

"రా అన్నయ్యా, నీకు కూర్చుని చేసే పనే ఇస్తాలే" అన్నాడు.

కూర్చుని చేసే పనంటే, మిషన్ అందని గది మూలల్ని చేత్తో రుద్దడం. కొత్తగా చేరినవాడికి ఇచ్చే పని అది. ఆ మాట విన్నాక మేస్త్రీకి రెండు పూటలు ముద్ద దిగలేదు.

అప్పుడు కదిలాడు మామగారు. పెళ్ళాం తండ్రి, వీళ్ళింట్లోనే ముందుగదిలో ఉంటాడు. వయసులో ఉన్నప్పుడు పరాయి దేశంలో ఎడారి దారుల్లో లారీ నడిపాడు. అక్కడ రాళ్ళు వెతుక్కునే పెద్దమనిషి ఒకడి బండి ఇసుకలో దిగబడితే ఈయన లారీతో బయటికి లాగాడట. దానికి మెచ్చి ఆ మనిషి చేతిలో ఒక రాయి పెట్టి, ఇది చంద్రుడి మీంచి వచ్చి పడింది అన్నాడట. కోడిగుడ్డంత, నల్లటి రాయి. ఈ కథ చెప్పీ చెప్పీ ఆయన పేరే చందమామ అయిపోయింది. ఒక రోజు గుమ్మంలో కనబడకపోతే చాలు, ఇవాళ అమావాస్యా అని వీధిలో వాళ్ళు అడిగేవారు.

"అది అమ్మి మిషన్ కొనుక్కో అల్లుడూ. ఇన్నాళ్ళూ గూట్లో ఊరికే కూర్చుంది. ఇంటికి పనికొస్తే రానీ" అన్నాడు.

మేస్త్రీ దాన్ని తువ్వాలులో చుట్టుకుని పాత వస్తువులు అమ్మే కొట్టుకు వెళ్ళాడు. కొట్టాయన రాయిని అటూ ఇటూ తిప్పి, ఇదేదో బొగ్గుల బస్తాలోంచి తీసినట్టుంది, కాస్త మొహం కడిగి పట్టుకురా, చూద్దాం అన్నాడు.

మొహం కడగడమంటే మేస్త్రీకి ఒకటే అర్థం. పెరట్లో కుళాయి పక్కన కూర్చుని, నీళ్ళు పోసుకుంటూ ముందు గరుకు రాయితో, తర్వాత నున్న రాయితో రుద్దాడు. నల్లటి మడ్డి కారి గోడ మొదట్లో చేరింది. దాని కింద బూడిద రంగు, అందులో తెల్లటి మచ్చలు, తడి ఆరకుండా ఉన్నట్టు మెరుపు. తన పనితనానికి తనకే ముచ్చటేసింది. ఇంత అందంగా ఉన్నానని చంద్రుడికి కూడా తెలిసుండదు అనుకున్నాడు.

తీరా తీసుకెళ్తే, ఆ మెరుపు చూసి కొట్టాయన వెనక్కి తగ్గాడు. నిజంగా చంద్రుడిదైతే తనకు తలనొప్పి, ముందు మ్యూజియంలో రాళ్ళు చూసే మేడమ్ చేత ఏ సంగతో తేల్చి చెప్పించుకు రమ్మన్నాడు.

మేడమ్ దీపం కింద పెట్టి చాలాసేపు చూసింది.

"దీని మీద నల్లగా పెంకులాంటిది ఉండేదా?"

"ఉండేదండి."

"ఏమైంది?"

"పాలిష్ పట్టానండి."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆకాశంలోంచి పడే రాయి దారిలో మండి, పైన నల్లటి పెంకు కడుతుందట. అదుంటే చూడగానే కొంత చెప్పగలిగేదాన్ని అంది. ఇప్పుడు ఒక పలక కోసి పరీక్షకు పంపాలి. పంపాలంటే, ఈ రాయి ఏ దేశంలో దొరికింది, ఎలా వచ్చింది అన్నీ చెప్పాలి. చంద్రుడి మీదికి వెళ్ళిన మనుషులు తెచ్చిన రాళ్ళు వాళ్ళను పంపిన సర్కారువి, అవి అమ్మకూడదు, కొనకూడదు. దానంతటదే పడిన రాయైతే అమ్ముకోవచ్చు. కానీ కొన్ని దేశాల్లో పడింది కూడా సర్కారుదే, దాటించకూడదు.

మేస్త్రీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్క కట్టుకుంటూ వచ్చాడు. మనిషి తెస్తే నేరం. దానంతటదే పడితే బేరం. పడిన చోటు మంచిది కాకపోతే మళ్ళీ నేరం. మామూలు రాయైతే ఏ నేరమూ లేదు, అడిగేవాడూ లేడు. నిజమైతే భయపడాలో అబద్ధమైతే ఏడవాలో తేలక, దిగాల్సిన చోటు దాటిపోయి అంత దూరం వెనక్కి నడిచాడు.

ఇంటికొచ్చి మామగారికి పెంకు సంగతి చెప్పాడు, తప్పు చేసిన మొహంతో.

"పెంకెక్కడిది? అది నేను పూసిన తారు కదా" అన్నాడు ముసలాయన. "సరిహద్దు దగ్గర ఎవరూ అడక్కూడదని పూశాను."

"అంటే దాచి తెచ్చావా మావా?"

"దాచలేదు అల్లుడూ. చూపించలేదు, అంతే."

మేస్త్రీ గోడకు చేరగిలబడ్డాడు. ముసలాయనే మళ్ళీ అన్నాడు.

"తారు కింద కూడా నల్లగానే ఉండేది మరి. ఉండేదనుకుంటా."

ఈ మాటలు తీసుకెళ్ళి మేడమ్‌కు ఎలా చెప్పడం? రాయి నిజమైతే ముసలాయన దొంగవుతాడు. కాకపోతే అబద్ధాలకోరు అవుతాడు. మేస్త్రీ లేచి పెరట్లోకి వెళ్ళి, గోడ మొదట్లో ఎండిపోయిన మడ్డిని గోటితో గీకాడు. తారైతే వాసన రావాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ లేదు. పెళ్ళాం చేతిలో పోశాడు.

"ఏం వాసనొస్తుందో చెప్పు."

ఆవిడ ఒకసారి వాసన చూసింది, మళ్ళీ చూసింది.

"పని నుంచి వచ్చినప్పటి నీ వాసనే" అంది.

రాయిని తీసుకెళ్ళి గూట్లో పెడుతుంటే ముసలాయన మంచం మీంచి, ఏం తేలిందని అడిగాడు.

"తేలలేదు మావా."

"నాకూ అంతే" అన్నాడాయన. "ఆ మెరిసే వైపు ఇటు తిప్పు."

మర్నాడు మేస్త్రీ మోకాళ్ళకు పాత గుడ్డలు కట్టుకుని తోడల్లుడి పని దగ్గరికి వెళ్ళాడు. చంద్రుడు అమ్ముడుపోయాడా అన్నయ్యా అని వాడు అడిగితే, ఏ గది అని మాత్రం అడిగాడు. మూలలో కూర్చుని, నీళ్ళు చల్లి రుద్దడం మొదలుపెట్టాడు. నల్ల బండ, నల్లటి మడ్డి కారింది. చుట్టూ ఎవరూ చూడట్లేదని చూసుకుని, వంగి దాన్ని ఒకసారి వాసన చూశాడు.