ఆవుళియాకు పెట్టిన బొట్టు

ఎళిలరసి సముద్ర శాస్త్రంలో డాక్టరేటు చేసింది గానీ, ఆవిడకి పేరు తెచ్చింది మాత్రం నోరు. తోటి పరిశోధకులు తెరమీద గీతలూ పట్టికలూ చూపించి జాలర్లని నిద్రపుచ్చుతుంటే, ఈవిడ ఎవరింటి అరుగు మీదో చేరి, చేపల పులుసు పోయించుకు తిని, ఆ తర్వాత తాపీగా శాస్త్రం విప్పేది. తమిళ తీరంలోని మణల్‌కరై ఊళ్ళో జాలరి కాత్తముత్తు ఇల్లయితే ఆవిడకి సొంతిల్లే.

ఆ తీరంలో ఆవుళియా అంటే సముద్రపు ఆవు. నీటి అడుగున గడ్డి మేస్తుంది, పిల్లకి పాలిస్తుంది, ఎవరి జోలికీ రాదు. ఒకప్పుడు అది వలలో పడితే ఊరంతా వాటాలు వేసుకుని వండుకునేవాళ్ళు. చంపితే జైలని అధికారులు ఎంత మొత్తుకున్నా ఒక్కడి చెవికీ ఎక్కలేదు. ఎళిలరసి వచ్చి ఒకే ఒక్క మాట అడిగింది.

"అది మనింటి ఆడపిల్ల. దారి తప్పి పుట్టింటికొచ్చింది. కోసుకు తింటారా, సాగనంపుతారా?"

ఆడవాళ్ళు చెంగులతో కళ్ళొత్తుకున్నారు. ఆ తర్వాత మణల్‌కరైలో కత్తి తీసినవాడు లేడు. ఆ మాట ఊళ్ళ గోడలకెక్కింది. పెద్దపెద్ద సభల్లో ఆవిడకి చప్పట్లు కొట్టించింది. ఆ మాటంటే ఆవిడకీ కాస్త గర్వమే, కాదనడానికి లేదు.

ఒక శుక్రవారం పొద్దున్నే కాత్తముత్తు ఫోన్ చేశాడు.

"అమ్మా, మన పిల్లొచ్చింది! వలలో పడింది. ఒంటిమీద గీత కూడా పడనివ్వలేదు. తొందరగా రా తల్లీ."

"వదిలేశావా అన్నా?"

"నువ్వు రాకుండానా? భలేదానివే!" అని నవ్వి ఫోన్ పెట్టేశాడు. ఆవిడ మళ్ళీ మళ్ళీ చేసింది. ఎవరూ ఎత్తలేదు. దొరికిన జీపు ఎక్కి, దారి పొడుగునా డ్రైవర్‌ని తొందరపెడుతూనే ఉంది.

ఊరు ఊరంతా మోకాటి లోతు నీళ్ళలో ఉంది. మధ్యలో ఆవుళియా. పోకుండా కట్టిన తాడు ఒరుసుకుంటుందని దాని కింద పాత నూలు చీరలు చుట్టారు. ముక్కు మునగకుండా నలుగురు మగాళ్ళు తల ఎత్తి పట్టుకున్నారు. వీపు మీద కొత్త చీర, మెడలో మల్లెదండ, నుదుట అరచేయంత పసుపు. పిల్లలు వంతులు వేసుకుని నిమురుతున్నారు. కాత్తముత్తు భార్య రాక్కాయి కుంకం భరిణె పట్టుకుని ఎదురొచ్చింది.

"సరిగ్గా వచ్చావు తల్లీ. రాహుకాలం ఇప్పుడే దాటింది. ఆడపిల్లని రాహుకాలంలో గడప దాటిస్తామా? నువ్వు బొట్టు పెట్టు, పంపేద్దాం."

"వదలండి! ముందు వదలండి!" ఎళిలరసి చెప్పులతోనే నీళ్ళలోకి పరుగెత్తింది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. చాలాసేపు పెట్టే ఉంచింది.

"అలిసి పడుకుందిలే," అంది రాక్కాయి. "ఇందాకటిదాకా కన్నీళ్ళే. పుట్టిల్లు వదల్లేక."

ఎళిలరసి చెయ్యి తీసింది. "చచ్చిపోయింది వదినా," అంది.

కాత్తముత్తు మొహం పాలిపోయింది. "ఎలా చస్తుందమ్మా? ముక్కు మునగనివ్వలేదు, దెబ్బ తగలనివ్వలేదు, నీళ్ళు పోస్తూనే ఉన్నాం!"

"భయంతో అన్నా. మనిషి పట్టుకుంటేనే దానికి ప్రాణం మీదికొస్తుంది. మనం ముద్దు చేస్తున్నామని దానికేం తెలుసు?"

దాని తల పట్టుకున్నవాళ్ళు చేతులు తియ్యడానికి కూడా జంకారు. రాక్కాయి భరిణెకేసి చూసుకుంది.

"ఆ సంగతి నువ్వు మాకెప్పుడూ చెప్పలేదే," అంది. నిష్ఠూరంగా అనలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. అదే ఎళిలరసిని నిలువునా కూల్చింది.

"చెప్పలేదు వదినా. తెలుసు. కథ చెడిపోతుందని చెప్పలేదు."

అధికారులు వచ్చి, కొలతలు తీసుకుని, ఒడ్డున గొయ్యి తవ్వించారు. రాక్కాయి ఆ కొత్త చీర తియ్యనివ్వలేదు.

మర్నాటినుంచి ఎళిలరసి ఊరూరా తిరిగి, గోడల మీది తన మాటకి తనే సున్నం కొట్టించింది. "అది ఆడపిల్ల కాదు, అడవి జంతువు. పడితే వల కొయ్యండి. ముట్టుకోకండి, నాకోసం ఆగకండి," అని చెప్పింది. ఎవరి కళ్ళూ చెమర్చలేదు. ఒక సభలోనైతే సగం మంది లేచి వెళ్ళిపోయారు. అయినా అదే చెప్పింది.

వానలు వెనకబట్టాక కాత్తముత్తు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఇంకోటి పడింది. కొత్త వలమ్మా, నిలువునా కోసేశాను. వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగైనా చూడలేదు, నేనూ చూడలేదు."

వెనకనించి రాక్కాయి ఏడుపు వినిపిస్తోంది. ఫోన్ లాక్కున్నట్టుంది.

"వట్టి నుదురుతో పంపేశాడు తల్లీ! చూడు మీ అన్న చేసిన పని, బొట్టయినా లేకుండా పంపేశాడు!"

"బతికుంటుంది వదినా," అంది ఎళిలరసి.