నోటితో చేసి చూపించండి

మా ఆయన ఏ కారు బానెట్టూ ఊరికే ఎత్తేవాడు కాదు. ముందు కారువాళ్ళ చేత కూతలు కూయించేవాడు.

"ఎలా అంటోంది? నోటితో చేసి చూపించండి" అనేవాడు. ఎంత పెద్దమనిషైనా తప్పేది కాదు. నల్లకోటు లాయరుగారు షెడ్డు మధ్యలో నిలబడి "కీచు కీచు కీచు" అనేవాడు. భార్య ముందు నోరు విప్పని బ్యాంకు మేనేజరు "గరగరగర... గర్ర్" అని బుగ్గలు ఊదేవాడు. వాళ్ళు కూస్తుంటే ఈయన కళ్ళు మూసుకుని వినేవాడు. "ఊఁ. మలుపు తిరిగేటప్పుడు ఎక్కువవుతోందా?" అని డాక్టరులా అడిగేవాడు. కీచుమంటే బెల్టు, గరగరమంటే బేరింగు, టకటకమంటే ఆయిల్ అందడం లేదని అర్థమట. ఆ తర్వాత ఒక రబ్బరు గొట్టం తీసి, ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఇంజిన్ మీద అక్కడా ఇక్కడా ఆనించి చూసేవాడు. చెప్పిన మాట తప్పేది కాదు. అందుకే చుట్టుపక్కల అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అనేవాళ్ళు.

ఆ చెవి సంగతి నాకు పెళ్ళైన కొత్తలోనే తెలుసు. నేను గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే, పడుకుని ఉన్నవాడు కళ్ళు తెరవకుండానే "నీ ఎడమ చెప్పు తెగబోతోంది" అన్నాడు. ఇదేం మనిషిరా దేవుడా అనుకున్నాను. రెండు రోజులకి సంత మధ్యలో అది తెగనే తెగింది.

అలాంటి మనిషి, ఒక ఏడాదిగా కూతలు ఆపించేశాడు. అరచేతిలో పట్టేంత మిషన్ ఒకటి కొన్నాడు. స్టీరింగు కింద దాని తీగ గుచ్చితే ఇంజిన్‌లో ఉన్న సెన్సర్లన్నీ తమ గోడు దానికి చెప్పుకుంటాయి, అది ఫలానా లోపమని ఒక కోడు చూపిస్తుంది. "ఇక కూతలెందుకే, అన్నీ ఇదే చెబుతుంది" అన్నాడు. కాలం మారింది కాబోలు అనుకున్నాను. క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నవ్వుకోవడానికి ఏమీ లేకుండా పోయిందని మాత్రం కాస్త దిగులేసింది.

ఇంట్లో కూడా మనిషి మారాడు. వెనకనుంచి ఏం చెప్పినా పలకడు. అలారం పీ పీ అని మొత్తుకుంటున్నా లేవడు. పాలు పొంగి పొయ్యి మీద సుయ్యిమంటుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటాడు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. "చెవుడా మీకు?" అని రోజుకి పదిసార్లు అరిచేదాన్ని. అరిస్తే మాత్రం గబుక్కున తిరిగి చూసేవాడు. చూశారా, గట్టిగా అరిస్తే వినబడుతుంది, మామూలుగా చెబితే లెక్కలేదు అని కుమిలిపోయేదాన్ని. ఒకరోజు ఆయన వెనక కూర్చుని బట్టలు మడతపెడుతున్నాను. అద్దంలో మొహం చూసుకుని మనసు బాగోలేదు. "నేను ముసలిదాన్నైపోయానా అండీ?" అని మెల్లిగా అడిగాను. అలా అడగడానికి నాకెంత సిగ్గేసిందో! ఆయన పలకలేదు. చెప్పులు వేసుకుని షెడ్డుకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మూడు నెలలు నేను మొహం మాడ్చుకునే తిరిగాను.

ఇంతలో టీచరమ్మ కారు వచ్చింది. ఆవిడ పాఠం చెప్పే పిల్లలకంటే ఆ కారు వయసెక్కువ. వాళ్ళ నాన్న అందులోనే ఆవిడకి డ్రైవింగు నేర్పాడు. ఆయన పోయాక దాన్ని వదులుకోవడానికి ఆవిడకి మనసొప్పలేదు. మీటర్ల మధ్య పసుప్పచ్చటి ఇంజిన్ బొమ్మ వెలుగుతోందని తీసుకొచ్చింది. మా ఆయన మిషన్ పెట్టి చూశాడు. ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ వెళుతున్నాయని కోడు వచ్చింది. పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ పాతబడి తప్పుడు కబుర్లు చెబుతోందని దాన్ని మార్చి, కోడు చెరిపేసి పంపాడు.

నాలుగో రోజుకి బొమ్మ మళ్ళీ వెలిగింది. అదే కోడు. లోపలికి వెళ్ళే గాలిని కొలిచే సెన్సర్‌ని కడిగి, లాభం లేక దాన్నీ మార్చాడు. వారం తిరక్కుండా మళ్ళీ అదే కోడు. పెట్రోలు ఫిల్టరు మార్చాడు, పంపు చూశాడు, తీగలన్నీ ఒక్కొక్కటే లాగి చూశాడు. ఆ తర్వాత పదో రోజున టీచరమ్మ షెడ్డు ముందు కారాపి, దిగకుండానే, పాపం తనే ఏదో తప్పు చేసినట్టు చెయ్యి ఊపింది. ఎందుకొచ్చిందో ఇక అడగక్కర్లేకపోయింది.

ఆ సాయంత్రం ఆయన కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను.

"గాలి ఎక్కువంటోంది కదా, ఎక్కడో చిల్లుపడి దూరుతోందేమో చూడకూడదూ?" అన్నాను. పాతికేళ్ళుగా మేస్త్రితో కాపురం చేస్తున్నాను, ఆమాత్రం తెలియదా!

"లీకు లేదు."

"చూశారా?"

"చూడ్డమేంటి? విన్నాను. గొట్టం పెట్టి మూడుసార్లు విన్నాను. లీకుంటే నాకు వినబడదా?"

నిజమే, ఆయనకి వినబడకపోవడమేమిటి అని నేనూ ఊరుకున్నాను. చెయ్యి కడుక్కుని వచ్చి, "రేపు ఆఖరిసారి చూస్తాను. దీని సంగతి తేలకపోతే షెడ్డు మూసేస్తా" అన్నాడు. ఊరికే మాటలనే మనిషి కాదు. ఆ షెడ్డు లేకపోతే ఈయన పొద్దున్నే లేచి ఎక్కడికి వెళతాడు?

మర్నాడు మధ్యాహ్నం క్యారియర్ తీసుకుని వెళ్ళేసరికి టీచరమ్మ కారు బానెట్టు ఎత్తి ఉంది, ఇంజిన్ నడుస్తోంది. ఫోనొస్తే మాట్లాడడానికి ఆవిడ రోడ్డు మీదకి వెళ్ళింది. మా ఆయన మిషన్ పట్టుకుని తెర మీద ఒక అంకె వైపు చూస్తున్నాడు. గాలికి సరిపడా ఇంజిన్ అదనంగా ఎంత పెట్రోలు పోసుకుంటోందో చెప్పే అంకె అది. పదిలోపు ఉండాలట. ఇరవై ఏడు ఉంది.

క్యారియర్ బల్ల మీద పెడుతుంటే నాకు వినిపించింది. సన్నగా, ఆగకుండా, "ఇస్స్‌స్‌స్" అని.

"ఏమండీ, ఆ బుస ఏంటి?"

పలకలేదు. దగ్గరికెళ్ళి భుజం తట్టాను. "ఇంజిన్‌లోంచి ఏదో బుస కొడుతోంది, ఏంటది?"

"ఏ బుస?" అని గొట్టం తీసి చెవిలో పెట్టుకున్నాడు. రెండో కొస ఇంజిన్ మీద నాలుగు చోట్ల ఆనించాడు. నేనేమో గొట్టమూ గిట్టమూ లేకుండానే అంత స్పష్టంగా వింటున్నాను. ఆయన తలెత్తి, "ఏమీ లేదే" అన్నాడు.

"చెవుడా మీకు?" అనబోయాను. రోజుకి పదిసార్లు అనే మాటే. నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అలారం, పాలు, బట్టలు మడతపెట్టిన రోజు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఏడాదిగా నేను తిట్టనుకుని అంటున్నది నిజం. ఆయన నా మొహంలోకి చూశాడు. నాకు తెలిసిపోయిందని ఆయనకీ తెలిసిపోయింది.

నా నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు ఒక్క మాట అనలేదు. ఆయన చెయ్యి పట్టుకున్నాను. బుస ఎటునుంచి వస్తోందో వింటూ ఆ చేతిని ఇంజిన్ వెనక్కి తీసుకెళ్ళాను. అక్కడ బ్రేకుల వైపునుంచి ఇంజిన్‌లోకి గాలి లాగే లావుపాటి రబ్బరు గొట్టం ఒకటుంది. ఇంకా కిందకి అన్నట్టు ఆయన వేలు నొక్కాను. గొట్టం అడుగున, క్లిప్పు పక్కన, కంటికి ఆనని చోట ఆయన వేలు ఆగింది. బుస కూడా ఆగింది.

"లాక్కుంటోంది" అన్నాడు. "గాలి నా వేలిని లాక్కుంటోందే!"

తెర మీద అంకె దిగసాగింది. ఇరవై. పన్నెండు. నాలుగు. ఆయన వేలు తీస్తే మళ్ళీ ఎక్కింది, పెడితే దిగింది. ఇన్నాళ్ళూ సెన్సర్లు పాపం నిజమే చెబుతున్నాయి. అబద్ధం చెప్పింది ఆయన చెవి.

ఇంజిన్ ఆపి బల్ల మీద కూలబడ్డాడు. నేను ఎదురుగా నిలబడ్డాను.

"ఎప్పటినుంచి?"

"సరిగ్గా తెలీదు. పెద్ద చప్పుళ్ళు బాగానే వినబడతాయి, అందుకే నాకేం కాలేదనుకున్నా. ఒకరోజు లాయరుగారు కీచు కీచుమంటున్నాడు, పెదాలు కదలడం కనిపిస్తోంది గానీ నాకేం వినబడలేదు. వేళాకోళం చేస్తున్నాడేమో అనుకున్నా." తల తిప్పి ఆ మిషన్ వైపు చూశాడు. "అప్పట్నుంచి అడగడం మానేశా. మిషన్ కొన్నా."

"నాతో చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పను? చెవి మేస్త్రికి చెవి పోయిందనా? నవ్విపోతారే. ఇంకెవరొస్తారు షెడ్డుకి?"

ఆయన్ని కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకుని ఏడవాలనీ అనిపించింది. ఏడాదిపాటు ఇంత బాధ ఒక్కడే కడుపులో పెట్టుకుని తిరిగాడు. నేనేమో పక్కన చేరి చెవుడా చెవుడా అని అరిచాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

అంతలో టీచరమ్మ వచ్చింది. "ఏమైనా తెలిసిందా మేస్త్రి గారూ?"

"ఓ, దొరికిపోయింది!" అని నేనే ముందు అందుకున్నాను. "మా ఆయన ఇలా గొట్టం పెట్టారో లేదో, అలా విని..."

"నువ్వుండవే" అన్నాడాయన. లేచి నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "గాలి గొట్టం చిట్లిందమ్మా. నాకు వినబడలేదు. సన్న చప్పుళ్ళు నాకిప్పుడు వినబడ్డం లేదు. మా ఆవిడ విని చూపించింది. మీ పాత సెన్సర్లు మంచివే, నేనే అనవసరంగా మార్చాను."

టీచరమ్మ మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది.

"సన్నగా బుసలాగా, అదేనా? అది నాకు రెండు నెలల నుంచీ వినబడుతోందండీ! సిగ్నలు దగ్గర ఆగినప్పుడల్లా ఇలా..." అని, బడిలో వందమందిని గదమాయించే మనిషి, పెదాలు సాగదీసి "ఇస్స్‌స్‌స్" అని చూపించింది.

"మరి చెప్పలేదేమ్మా?" అన్నాడు మా ఆయన.

"మీరు అడగలేదుగా! ఇదివరకు బండి ఆపగానే నోటితో చేసి చూపించమనేవారు. మా నాన్న ఇక్కడే నిలబడి కూసేవాడు. ఈసారి మీరు మిషన్ తీశారు. ఇక మా కూతలు అక్కర్లేదేమో అనుకుని ఊరుకున్నా."

మా ఆయన చేతిలో గుడ్డ పక్కన పెట్టి, "ఇంకోసారి చెయ్యండమ్మా" అన్నాడు. ఆవిడ చేసింది. ఈసారి ఆయన కళ్ళు మూసుకోలేదు. ఆవిడ పెదాల వైపే చూశాడు, చూసి తల ఊపాడు.

గొట్టం మార్చాక ఆ బొమ్మ మళ్ళీ వెలగలేదు. షెడ్డు కూడా మూయలేదు. కూతల కచేరీ మళ్ళీ మొదలైంది. అర్థం కాకపోతే "నాకు చెవి సరిగా లేదండీ, కాస్త గట్టిగా కూయండి" అని నిస్సంకోచంగా అడుగుతాడు. ఎవరూ నవ్వలేదు. కూసేవాళ్ళకి నవ్వే తీరిక ఎక్కడిది?

చెవి డాక్టరు దగ్గరికి నేనే బలవంతాన తీసుకెళ్ళాను. ఆయన్ని గదిలో కూర్చోబెట్టి రకరకాల చప్పుళ్ళు వినిపించి, కాగితం మీద గీత గీసి చూపించారు. ముప్ఫై ఏళ్ళ సుత్తి దెబ్బలూ గ్రైండరు రొదా చేసిన పని అన్నారు. చెవికి పెట్టుకునే మిషన్ వచ్చే వారం ఇస్తామన్నారు. నడిచి ఇంటికి వస్తుంటే ఈయన ఉన్నట్టుండి ఆగి, నాకెదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఈ ఏడాదిలో నువ్వు చెప్పినవి ఎన్ని పోయుంటాయంటావ్?"

"ఏముంది లెండి, సగం తిట్లే."

"తిట్లన్నీ వినబడ్డాయి. మిగతావి చెప్పు."

వద్దులే అనుకున్నాను. కానీ ఆయన కదలకుండా నా మొహం వైపే చూస్తున్నాడు.

"ఒకరోజు బట్టలు మడతపెడుతూ అడిగా. నేను ముసలిదాన్నైపోయానా అని. మీరు చెప్పులేసుకుని వెళ్ళిపోయారు."

"అందుకా మూడు నెలలు అలా తిరిగావు?"

"మరి!"

"పిచ్చిదానా! వినబడుంటే లేదనే చెప్పేవాణ్ణి కదే."

"ఇప్పుడు వినబడిందిగా?"

"ఊఁ."

"మరి?"

"లేదు" అన్నాడు. ఎంత గట్టిగా అన్నాడో ఆయనకి తెలియలేదు. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళంతా ఆగి మా వైపు చూశారు.